కప్పల పండక్కి గడ్డి చెప్పులు

సాగా,
ఏప్రిల్ 14, 1996

కినుయో వదినగారికి,

ఇక్కడ చెర్రీపూలు రాలిపోయాయి. బార్లీ చేలు మోకాలెత్తు లేచాయి. మీ కొండల్లో మంచు ఇంకా గుమ్మాల దాకా ఉందని టీవీలో చూపిస్తే మీరూ అన్నయ్యగారూ గుర్తొచ్చారు. మీరు పంపిన బియ్యం బస్తా అందింది. వండితే వాసనకి పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. మా ఆయన ఫోటో ముందు కూడా ఒక గిన్నె పెట్టాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానని ఏమీ అనుకోకండి. పిల్లల పెళ్ళిలో మనిద్దరం ఎంత మాట్లాడుకున్నామో మీకూ గుర్తుండే ఉంటుంది. మీ కొండ యాస నాకు ఎక్కక, మా సముద్రపు యాస మీకు ఎక్కక, ఇద్దరం తలలూపుతూ నవ్వుతూ కూర్చున్నాం. కాగితం మీదైతే మనిద్దరిదీ ఒకటే భాష.

విషయానికి వస్తాను. జూన్ పదహారుకి మన మనవరాలు అకానెకి ఏడాది నిండుతుంది. మా మికి ఫోన్ చేసి, పుట్టినరోజుకి 'థీమ్' పెడుతున్నామంది. థీమ్ అంటే ఏమిటే అని అడిగితే, కప్పలట. కేకు కప్ప, టోపీలు కప్పలు, గోడల మీద తామరాకులు. వచ్చినవాళ్ళంతా పచ్చబట్టలు కట్టుకోవాలి. ఏదో పత్రికలో చూసిందట. వానాకాలంలో పుట్టిన పిల్ల కాబట్టి కప్పలే తగునని తన వాదన. అరవై దాటిన ముఖానికి కప్ప టోపీ ఎలా ఉంటుందో అద్దం ముందు నిలబడి ఊహించుకున్నాను. పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

కప్పల మాట ఎలా ఉన్నా, అసలు తంతు ఒకటి ఉంది కదా. మా వైపు ఏడాది నిండిన పిల్లకి గడ్డి చెప్పులు తొడిగి, జిగురన్నం దంచి చేసిన పెద్ద గుండ్రటి మోచి ముద్ద మీద నిలబెట్టి తొక్కిస్తాం. కాళ్ళు భూమ్మీద గట్టిగా ఆనాలని. ఆ చెప్పులు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మికికి ఐదో నెలలో మా ఆయన నేశారు. బతుకంతా బస్సు తోలిన మనిషి, గడ్డి పేనడం ఎన్నడూ ఎరగడు. గుడికి తాళ్ళు పేనే ముసలివాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుని, మూడు జతలు పాడుచేసి నాలుగో జత నిలబెట్టారు. పిల్ల పుట్టేదాకా ఆయనే నిలవలేదు.

అందుకని, మీరు పండించే జిగురు బియ్యం కొంచెం పంపితే మోచి ఇక్కడే దంపించి తీసుకెళ్తాను. ఆ చెప్పుల్లో ఆ పిల్ల నిలబడితే చూడాలి. నాకు కావలసింది అదొక్కటే. కేకు కప్పదైనా సరే, తాబేలుదైనా సరే.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ
సుమియె


తోకామాచి, నీగాతా,
ఏప్రిల్ 23

సుమియె వదినా,

మంచు కరిగింది. కరిగి ఊరంతా బురద చేసింది. ఇంట్లో తిండి కంటే కాళ్ళు కడుక్కోవడమే పెద్ద పనిగా ఉంది.

మీ ఉత్తరం మా ముసలాయనకి చదివి వినిపించాను. మోచి తొక్కించడం దగ్గరికి వచ్చేసరికి ఆయన తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. అదే ఉంది.

నాకు మొహమాటం తెలీదు వదినా, ఉన్నమాట రాస్తాను. చిన్నప్పుడు గిన్నెలో ఒక్క మెతుకు వదిలితే కళ్ళు పోతాయనేది మా అమ్మ. బియ్యం బస్తా మీద కూర్చున్నానని మా నాన్న నన్ను పశువుల కొట్టంలో నిలబెట్టాడు. అలాంటి ఇంట్లో నారు పోసి, నాటి, కోసి, దంచి పంపిన బియ్యం మీదికి చెప్పులేసుకుని ఎక్కుతారా? రాయడానికే చెయ్యి రావడం లేదు. మా వైపు ఆ మోచిని గుడ్డలో మూటగట్టి పిల్ల వీపుకి కడతాం. బతికినన్నాళ్ళూ తిండికి లోటు రాకూడదని. ఏడాది నిండకముందే నడిచే పిల్లయితే ఆ బరువుకి పడాలి కూడా. పడకపోతే పెద్దయ్యాక ఇల్లు వదిలి దూరం పోతుందంటారు. మా కెంగోని అడిగాను. "వీపుకే కడదాంలే అమ్మా, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నాడు.

ఇక మీ కప్పలు. మే నెల వచ్చిందంటే మా పొలమంతా ఆ థీమే. టిక్కెట్టు పెట్టుకుని టోక్యో వెళ్ళి కప్పల్ని చూడాలా అంటున్నాడు మా ముసలాయన. అయినా మనవరాలి ముచ్చట కదా, ఊలు తెచ్చి టోపీలు అల్లడం మొదలుపెట్టాను. మీ తల కొలత రాయండి.

అన్నయ్యగారి చెప్పుల సంగతి చదివితే మనసు కలుక్కుమంది. పిల్లకి తప్పకుండా తొడగండి. తొడిగి నేలమీద నడిపించండి. నేల ఉన్నదే అందుకు.

బియ్యం పంపుతాను. తొక్కించనని మీరు రాసి పంపాక.

కినుయో


సాగా,
మే 3

వదినగారికి,

నా తల యాభై అయిదు సెంటీమీటర్లు. తొక్కించనని మాత్రం రాయను.

మోచి మీద తెల్లగుడ్డ పరుస్తాం. చెప్పులు కొత్తవి, మట్టి ఎరగనివి. పిల్లని రెండు చేతులా ఎత్తి మెల్లగా దించుతాం. అది తొక్కడం కాదు, పలకరించడం. మరి మీ వైపు సంగతి? రెండు కిలోల బరువు పసిదాని వీపుకి కట్టి, అది బోర్లాపడి గుక్కపట్టి ఏడుస్తుంటే చుట్టూ పెద్దవాళ్ళు చప్పట్లు కొడతారన్నమాట. పక్కింటావిడకి చెబితే, "అక్కడ పోలీసులు ఉండరా?" అంది.

మికి నాతో తొక్కించుదామనే చెప్పింది. అల్లుడుగారు మీతో ఏమన్నారో నాకు తెలీదు. మగపిల్లలు తల్లి మాట సగం విని ఊకొడతారు, మనకి తెలియనిది కాదు.

కప్ప కేకుకి కళ్ళు పెట్టడానికి పనికొస్తుందని మా తీరంలో ఎండబెట్టిన నల్లనాచు ఒక కట్ట పంపుతున్నాను. మిగిలింది అన్నానికి చుట్టుకుని తినండి. పార్టీ శనివారం కదా, శుక్రవారం రైలుకి టిక్కెట్టు తీసుకున్నాను. అక్కడ కలుద్దాం.

సుమియె


తోకామాచి,
మే 12

వదినా,

నాట్లు అయిపోయాయి. నడుం ఉందో ఊడిందో తెలియడం లేదు. నాచు అందింది. కేకు దాకా మిగలదు.

మీకు మోకాలి నొప్పి ముదిరి ప్రయాణం చెయ్యలేకపోతున్నారని కెంగో చెప్పాడు. విని బాధపడ్డాను. "అత్తగారు రాలేరు కాబట్టి మన పద్ధతే కానిద్దాం" అని కూడా అన్నాడు. మరి మీరు టిక్కెట్టు కొన్నానంటున్నారు. శనివారం అంటున్నారు. పుట్టినరోజు పదహారు, ఆదివారం. కాలెండరు ఒకసారి వెలుతురులో పెట్టుకుని చూడండి. మా అత్తగారు కూడా చివర్లో ఇలాగే రోజులు తడబడేది, పాపం. మేమెవరం ఏమీ అనేవాళ్ళం కాదు.

మీ టోపీ అయింది. కళ్ళు కొంచెం పెద్దవి వచ్చాయి. మా ముసలాయన మాత్రం నేను కప్పని కానని మొండికేశాడు. ఆయన టోపీ బీరువా మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది.

మోకాలికి ఆవనూనె వేడిచేసి రాయండి.

కినుయో


సాగా,
మే 17

వదినగారికి,

నా మోకాలికేం వచ్చింది? మొన్ననే గుడి మెట్లన్నీ ఎక్కి దిగాను. కాలెండరు మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి చూశాను. పదహారు ఆదివారమే. పార్టీ మాత్రం పదిహేను శనివారం అని మికి నాతో నొక్కి చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "అత్తగారు కలుపు రోజుల్లో పొలం వదిలి రాలేరు, కాబట్టి మన పద్ధతే అమ్మా" అని.

ఈపాటికి మీకూ వెలిగే ఉంటుంది.

శనివారం నాకొక కప్ప కేకు, ఆదివారం మీకొక కప్ప కేకు. తామరాకులు మాత్రం అవే. శనివారం పిల్ల తొక్కుతుంది, ఆదివారం మోస్తుంది. మనిద్దరం ఎదురుపడకుండా ఎవరి ఊరికి వాళ్ళం తృప్తిగా చేరుకుంటాం. కర్ర విరగలేదు, పామూ చావలేదు. కప్ప వేషం మనకిచ్చి పాము తెలివి వాళ్ళు ఉంచుకున్నారు వదినగారూ.

నాకు ఒళ్ళు మండింది. తరవాత, నిజం చెప్పాలంటే, కొంచెం సిగ్గేసింది. మనమంటే పిల్లలకి అంత భయమా? నేను మెత్తని మనిషిననే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

నా సలహా ఇది. మీరు కూడా శనివారమే రండి. వాళ్ళకి చెప్పొద్దు. స్టేషన్లో కలుసుకుని, టోపీలు పెట్టుకుని, ఇద్దరం కలిసి తలుపు కొడదాం. తొక్కుడా మోతా అన్నది అక్కడే తేల్చుకుందాం. నేనైతే తగ్గను.

సుమియె


తోకామాచి,
మే 21

వదినా,

మీ ఉత్తరం చదివిన వెంటనే కెంగోకి ఫోన్ చేశాను. "మీ అత్తగారి మోకాలు ఎలా ఉంది నాయనా?" అన్నాను. "అలాగే ఉందమ్మా, పాపం" అన్నాడు. అని నిట్టూర్చాడు కూడా! నా కడుపున పుట్టినవాడికి ఇంత నటన వచ్చని నాకు తెలీనే తెలీదు. తల్లిగా కోపం రావాలి గానీ, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

శనివారమే వస్తాం. మా ముసలాయన ఈ కుట్ర సంగతి విన్నాక బీరువా మీద టోపీ తీసి పెట్టుకుని చూసుకున్నాడు. కుట్ర కాబట్టి పెట్టుకుంటాడట, కప్ప కాబట్టి కాదట.

తొక్కుడుకి మాత్రం నేను ఒప్పుకోలేదు. ఆ మాట గుర్తుంచుకోండి.

మాటల్లో తెలిసింది, పిల్లకి కొత్త బూట్లు కొన్నారట. పదమూడు సెంటీమీటర్లు! అచ్చం మా ఇంటి పాదాలు. మంచులో కూరుకుపోకుండా దేవుడు మాకిచ్చిన పాదాలు వదినా ఇవి. కెంగో కూడా ఇంతే, పాక్కుంటూ వస్తే వెనకాల పడవ లాక్కొస్తున్నట్టుండేది.

కినుయో


సాగా,
మే 25

వదినగారికి,

మీ ఉత్తరం చదివి చెప్పులు పెట్టెలోంచి తీసి కొలిచాను. పదకొండు. స్కేలు తప్పేమోనని కుట్టుపని టేపుతో కూడా కొలిచాను. పదకొండే.

మా ఆయన మికి చిన్నప్పటి బూటు ముందు పెట్టుకుని నేశారు. మావి చిన్న పాదాలు. మీ ఇంటి పాదాల లెక్క ఆయనకెలా తెలుస్తుంది? మికిని అడిగితే, "బజార్లో దొరుకుతాయమ్మా, కప్ప బొమ్మ ఉన్నవి కూడా చూశాను" అంది. ఫోన్ పెట్టేశాను.

మీ మాటే కానివ్వండి. వీపుకే కట్టండి. నేనింత పట్టుబట్టింది తొక్కుడు కోసం కాదు. మా ఆయన చేతిపని ఒక్కసారి ఆ పిల్ల ఒంటికి తగలాలని. అది జరగనప్పుడు తొక్కితే ఎంత, మోస్తే ఎంత. టోపీ పెట్టుకుని ఓ మూల కూర్చుంటాను.

ఇక్కడ వానలు మొదలయ్యేలా ఉన్నాయి.

సుమియె


తోకామాచి,
మే 28

వదినా,

ఇలా ఓడిపోతే నాకు సరదాగా లేదు. ఇంతకుముందు మీ ఉత్తరం వస్తే ముందు కాస్త టీ పెట్టుకుని, తిట్లు ఎక్కడున్నాయా అని వెతుక్కునేదాన్ని. మొన్నటిది చదివితే టీ సయించలేదు.

ఆ చెప్పులు నాకు పంపండి. మాది మంచుసీమ. నాలుగు నెలలు ఇల్లు కదలకుండా గడ్డితోటే బూట్లు, చాపలు, బుట్టలు నేసుకుంటూ పెరిగాం. రెండు సెంటీమీటర్లు పెంచడం నాకు లెక్కలోది కాదు. అలాగని నేను తొక్కుడుకి ఒప్పుకున్నట్టు కాదు. చెప్పు సరిపోవడం వేరు, దేని మీద పెడతారన్నది వేరు.

ఒక్కటే షరతు. పెట్టె మీద చెప్పులని రాయకండి. పెద్దవాళ్ళకి ఎవరైనా చెప్పులు పంపుతారా? నిన్ను కాలికింద వేశానని చెప్పినట్టే కదా. మా పోస్టుమాన్ నోట్లో నువ్వుగింజ నానదు. కినుయోకి వియ్యపురాలు చెప్పులు పంపిందని సాయంత్రానికల్లా లోయంతా చెప్పేస్తాడు.

కినుయో


సాగా,
మే 31

వదినగారికి,

పంపాలా వద్దా అని రెండుసార్లు పోస్టాఫీసు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆయన చేతిపని ఇంకెవరి చేతుల్లోనూ పెట్టింది లేదు. ఆయన ఫోటోని అడిగితే ఎప్పటిలా నవ్వుతూ ఊరుకున్నారు. సరే అన్నట్టే తీసుకున్నాను.

పెట్టె మీద బిస్కెట్లు అని రాశాను. అబద్ధం కాకూడదని నిజంగానే బిస్కెట్లు కూడా పెట్టాను. ఎడమది కొంచెం వంకరగా ఉంటుంది. చూసి నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు. నేనూ ఆయన ఎదురుగానే నవ్వేదాన్ని.

సుమియె


(కార్డు)
తోకామాచి, జూన్ 4

అందాయి. బిస్కెట్లు బావున్నాయి. చెప్పులు రెండూ విప్పేశాను. కలుపులో ఉన్నాను, తరవాత రాస్తాను. కినుయో


సాగా,
జూన్ 6

వదినగారూ,

విప్పేశారా?

ఆయన చలికాలమంతా కూర్చుని పేనినదాన్ని, వేళ్ళు పగిలి నెత్తురు వస్తే పట్టీ వేసుకుని పేనినదాన్ని, మీరు విప్పేసి ఒక కార్డు ముక్క మీద రాసి పారేశారా? బిస్కెట్లు బావున్నాయి, చెప్పులు విప్పేశాను! ఒకే వరసలో! మీ బియ్యం మీద ఆనిస్తానన్నందుకా ఈ కక్ష? బియ్యానికే తప్ప మనుషులకి విలువ లేదా మీ కొండల్లో? సరిపోకపోయినా పెట్టెలో నావి నాకుండేవి. అప్పుడప్పుడూ తీసి చూసుకునేదాన్ని. నమ్మి పంపిన నన్ను అనాలి.

ఉన్నవి ఉన్నట్టు, గడ్డిపరకలైతే గడ్డిపరకలే, వెనక్కి పంపించండి.

సుమియె


తోకామాచి,
జూన్ 9

వదినా,

మీ తిట్లు అందాయి. మా అత్తగారు పోయాక నన్నింత బాగా తిట్టినవాళ్ళు లేరు. కాగితం మీద కూడా మీ యాస వినిపించింది. తప్పు నాదే. చేతులు బురదలో ఉండి రాసిన కార్డు అది.

విప్పకుండా పొడుగు చెయ్యడం కుదరదు. మడమ వైపు ముడి విప్పి, అన్నయ్యగారి తాడు ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి నా గడ్డి కలిపి పేనాను. ఆయన పేనిన దాంట్లో ఒక్క పరక పారెయ్యలేదు. నాది కిందటేడు జిగురు వరి కోసి దాచిన గడ్డి. రంగు తేడా ఉంది, అతుకు కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

ఎడమది చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ వంకర సరిచేద్దామనుకున్నాను. ఎక్కడ తప్పాడో చూడగానే తెలిసింది. బస్సు స్టీరింగు తిప్పిన చెయ్యి కదా, ఒకచోట మరీ గట్టిగా గుంజాడు. గుంజి, తప్పని తెలిసి, పక్క వరసలో సర్దబోయి ఇంకా తప్పాడు. ఆ మనిషిని నేను పెళ్ళిలో ఒక్కసారే చూశాను. అయినా ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చున్నట్టే అనిపించింది. సరిచెయ్యబుద్ధి కాలేదు. నా భాగం కూడా ఆ వంకరకి తగ్గట్టే నేశాను. నెయ్యడం వచ్చినవాళ్ళకి వంకరగా నెయ్యడం ఎంత కష్టమో మీకు తెలీదు.

ఇక తొక్కుడు సంగతి. నేస్తున్నంతసేపూ ఆలోచించాను. గింజా గడ్డీ ఒకే దుబ్బుకి పుట్టినవి. ఆ గడ్డి ఈ మోచి మీద ఆనితే తోబుట్టువులు మళ్ళీ కలుసుకున్నట్టు. మధ్యలో పిల్ల పాదం బియ్యానికి ఎక్కడ తగిలింది? ఈ మాట మా ముసలాయనకి చెబితే, "నీకు కావాలంటే నీకు దొరకని న్యాయం లేదు" అన్నాడు. కాబట్టి తొక్కించండి.

అలా అన్న నోటితోనే మోచి ఎలా దంచాలో చూపిస్తానని కొయ్యసుత్తి ఎత్తాడు. నడుం పట్టేసింది. కప్పని కానన్న మనిషి రెండు రోజులుగా ఇంట్లో నాలుగు కాళ్ళ మీదే తిరుగుతున్నాడు. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. ఆయన్ని వదిలి నేనూ రాలేను. నేను రాలేనని పిల్లలు మీకు చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంది.

చెప్పులు, టోపీలు ఈ పెట్టెలో ఉన్నాయి. మోచి పొరుగువాళ్ళ చేత దంపించి పద్నాలుగుకి టోక్యో చేరేలా పంపుతాను. రెండు ముద్దలు. ఒకటి మీ పద్ధతికి. రెండోది గుడ్డలో మూటగట్టి ఉంటుంది. దాన్ని ఏం చేస్తారో మీ ఇష్టం. చూడ్డానికి నేనుండను కదా.

కినుయో


టోక్యో,
జూన్ 17

వదినా,

ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక పిల్లల వంటింటి బల్ల మీదే రాస్తున్నాను. వీడియో తియ్యవలసినవాడు ఆ సమయంలో కప్పలో ఉన్నాడు. అందుకని మీకు జరిగింది తెలియాలంటే ఈ ఉత్తరమే దిక్కు.

శనివారం పెద్ద కళ్ళ టోపీ పెట్టుకుని, మీ టోపీ చేత్తో పట్టుకుని తలుపు కొట్టాను. మికి తీసింది. "ఆ రెండో టోపీ ఎవరిదమ్మా?" అంది. "మీ అత్తగారిది. మీ ఆదివారం పార్టీకి రాలేక నాతో పంపింది" అన్నాను. తామరాకులు అతికిస్తున్న అల్లుడు స్టూలు మీదే ఉండిపోయాడు. "మోకాలు ఎలా ఉందండీ?" అన్నాడు అలవాటు కొద్దీ. ఆ తరవాత ఇద్దరూ నేలకి తలలు ఆనించి వంగారు. నవ్వు ఆపుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను. మీరుంటే ఇద్దరం పగలబడి నవ్వేవాళ్ళం.

ముందు మీ మూట కట్టాను. మొదటిది మీదే కావాలనిపించింది. అకానె వీపున దాన్ని ముడివేస్తే, పిల్ల కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కి ఒరిగి, దాని మీదే ఆనుకుని సుఖంగా బొటనవేలు నోట్లో పెట్టుకుంది. మోయడం కాదు, దిండు చేసుకుంది. మూట తరవాత విప్పి ముద్ద మీద నిలబెడదామని, ముందు చెప్పులు తొడిగాను. సరిపోయాయి వదినా. ఇటు ఆయన గడ్డి, అటు మీ గడ్డి, మధ్యలో బొద్దుగా ఆ పాదం. నాకు కళ్ళు మసకబారి ఒక క్షణం ఏమీ కనిపించలేదు.

సరిగ్గా అప్పుడు మా అల్లుడు కప్పయ్యాడు. ఎక్కడో అద్దెకి తెచ్చిన వేషం, తలుపంత తల, ఒళ్ళంతా పచ్చ. బెకబెకమంటూ గెంతుకుంటూ గదిలోకి వచ్చాడు. పిల్ల ఒక్క కేక వేసి లేచి నిలబడింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వీపున మూటతో, కాళ్ళకి చెప్పులతో, మా మధ్యన తెల్లగుడ్డ పరిచిన ముద్ద మీంచి టపటపా అడుగులు వేసుకుంటూ వచ్చి నా ఒళ్ళోకి చేరింది. అవే మొదటి అడుగులు. మోసింది, తొక్కింది, నడిచింది, అన్నీ ఒక్కసారే. కప్ప వేషంలో ఉన్న తండ్రికి ఎదురుగా ఏం జరిగిందో కనిపించక, "ఏమైంది? ఏమైంది?" అంటూ తల ఊడబెరుక్కోవడానికి గింజుకుంటున్నాడు. మికి ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. పిల్ల మాత్రం నా టోపీ చూసి మళ్ళీ కేక పెట్టింది. కప్పల థీమ్ అంతటితో సమాప్తం. టోపీలు తీసేసి, పచ్చబట్టలు మార్చుకుని పార్టీ చేసుకున్నాం.

గుడ్డ ఎత్తి చూస్తే ముద్ద మీద రెండు చిన్న గుంటలు పడి ఉన్నాయి. ఆ భాగం కోసి నేనే తిన్నాను. ఒక్క మెతుకు వదల్లేదు, మీ అమ్మగారి మీద ఒట్టు. మీ ఆదివారం కేకు కూడా మేమే తినాల్సి వచ్చింది.

ఒక్కటే నా మనసులో పీకుతోంది. అది నడిచింది శనివారం. ఏడాది ఆదివారానికి కదా నిండేది. మీ మూట వీపున ఉన్నా పడలేదు. మీ లెక్కన ఈ పిల్ల పెద్దయ్యాక ఇల్లు వదిలి దూరం పోతుందా? దీనికేమైనా విరుగుడు ఉంటే రాయండి.

ఎడమ చెప్పు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కుడిది నా దగ్గర ఉంచుకుంటాను. మంచిది దాచుకుని వంకరది పంపిందని అనుకోకండి. దాన్ని చూసి నవ్వడానికి మనిషి కావాలి. ఆయన పోయాక నేనొక్కదాన్నే నవ్వలేకపోతున్నాను.

అన్నయ్యగారి నడుం జాగ్రత్త.

మీ
సుమియె


తోకామాచి,
జూన్ 24

వదినా,

పెట్టె మీద బిస్కెట్లని రాయడం మర్చిపోయారు. ఎడమ చెప్పు, ఒకటి అని రాశారు. పోస్టుమాన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊరంతా చూపించుకుంటూ తెచ్చాడు. "జత కూడా కాదు, ఒక్కటే పంపింది మీ వియ్యపురాలు" అన్నాడు జాలిగా. "అవును, నీకెవరైనా పంపారా?" అన్నాను. దాన్ని గుమ్మం పక్కన కట్టాను. వచ్చినవాళ్ళు అడుగుతారు, నేను చెబుతాను. వంకర దగ్గరికి వచ్చేసరికి అందరం నవ్వుతాం. ఆడపిల్లవారు మంచిది దాచుకుని వంకరది పంపారని కూడా చెబుతున్నాను. ఆ మాట అనకపోతే నాకు తిన్నది అరగదు.

మా ముసలాయన రెండు కాళ్ళ మీద లేచాడు. మీ ఉత్తరం ఆయనకి నాలుగుసార్లు చదివి వినిపించాను. ప్రతిసారీ కెంగో తల ఊడబెరుక్కునే చోట "మళ్ళీ" అంటాడు. నేను మాత్రం మొదటిది మీదే కావాలనిపించిందని మీరు రాసిన చోట ఆగుతాను. మీరు నా మూట కడతారని నేను అనుకోలేదు వదినా. పెట్టెలో సర్దుతున్నప్పుడు, ఇది విప్పకుండానే వంటింట్లోకి పోతుందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఏమనుకోకండి.

ఇక మీ మనసులో పీకుతున్న సంగతి. విరుగుడు లేదు. ఏడాది నిండకముందు నడిచిన పిల్ల దూరం పోవలసిందే. అయితే దాని ఇల్లు ఉన్నది టోక్యోలో. ఇల్లు వదిలి దూరం పోవడమంటే ఎటు పోతుంది? ఆ చివర మీరున్నారు, ఈ చివర నేనున్నాను.

పోనివ్వండి.

మీ వదిన
కినుయో